ఛాయాపటమున మనుష్యుని చోటు

ఛాయాపటమున మనుష్యుని ఎచ్చట నిలుపవలయునను ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. చిత్రకారులకును, పటములు తీసి జీవించువారికిని తప్ప ఇతరులకు దీనితో పనియేమియని కొందరు తలంపవచ్చును. కాని ఒకప్పుడు జమీందారుల దివాణములకును, పట్టణములలోని స్టూడియోలకును పరిమితమైయుండిన కెమెరా నేడు సెల్‌ఫోను రూపమున సామాన్యుని జేబులోనికి వచ్చియున్నది. పెండ్లి, చావు, బడి వార్షికోత్సవము, వరద, ఊరేగింపు, ఇవి యేవియు పటము తీయకుండ గడచుట లేదు. తీయువారు లెక్కకు మిక్కిలిగా పెరిగిరి. తీయునపుడు ఒక్క క్షణమాలోచించువారు మాత్రము ఆ పాటిగా పెరిగినట్లు మాకు తోచదు. పటములో ఒకనికి మనమిచ్చు చోటు ఆతనిని గూర్చి మనము పలుకు మాటయే. కావున ఈ ప్రశ్నను నిపుణులకు విడిచి ఊరకుండుట మాకు సమ్మతము కాదు.

ఈ విషయమున లోకమునందు రెండు పక్షములు కలవు. మనుష్యుడెవడైనను, సందర్భమేదైనను, ఆతనిని పటమునకు నట్టనడుమ నిలుపువారు మొదటి పక్షమువారు. వీరిది అలవాటు. నడుమ నిలుపుట మోటుతనమనియు, ఏదో యొక ప్రక్కకు జరిపిననే కళ యనియు నమ్మువారు రెండవ పక్షమువారు. వీరిది సూత్రము. అలవాటునకును సూత్రమునకును కలహము జరుగుచున్నట్లు పైకి కనబడును గాని, రెండు పక్షములవారును చేయు తప్పు ఒక్కటియే. ఎదుట నిలిచిన మనుష్యుని చూడకముందే ఆతని చోటును నిర్ణయించుచున్నారు.

మొదటి అలవాటు ఎట్లు పుట్టినదో చూతము. 1839లో డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణపద్ధతి ప్యారిసులో ప్రకటింపబడెను. మరుసటి యేడు వియన్నాలో పెట్జ్వాల్ అను గణితాచార్యుడు మనుష్యుల పటములకు అనువైన కటకమును రూపొందించెను. అది అంతకు ముందటి కటకములకంటె మిక్కుటముగా వెలుతురును లోనికి తెచ్చునది. కాని నడుమ భాగమును తేటగా చూపి, అంచులకు పోవుకొలది మసక చేయునది. ముఖము తేటగా రావలయునన్న నడుమ కూర్చుండక తప్పదు. తల కదలకుండ వెనుకనుండి ఇనుపకొయ్యతో ఆనించి పట్టుటయు ఆ కాలపు స్టూడియోలలో వాడుకయే. కటకములు బాగుపడినవి, ఇనుపకొయ్యలు తొలగిపోయినవి. నడుమ నిలుపు అలవాటు మాత్రము నిలిచిపోయినది. కారణము పోయిన తరువాతను ఆచారము మిగులుట మన దేశమున వింత కాదు గదా.

ఈ అలవాటులో మరియొక చిక్కు కలదు. చూచువాని కన్ను ముఖమునే వెదకును. అందుచేత కొత్తగా పటము తీయువాడు నిలిచియున్న మనుష్యుని ముఖమును చట్రమునకు సరిగా మధ్యబిందువున నిలుపును. ఫలితముగా తలపైన సగము పటము వట్టి ఆకాశమై మిగులును. క్రింద మోకాళ్లో పాదములో తెగిపోవును. మనుష్యుని నడుమ నిలిపితినని వాడనుకొనును. నిజమునకు ముఖము ఒక్కటియే నడుమనున్నది, మనుష్యుడు క్రిందికి జారిపోయినాడు.

ఇక రెండవ పక్షమువారి సూత్రము. పటమును నిలువునను అడ్డమునను మూడేసి సమభాగములుగా విభజించి, గీతలు ఖండించుకొను నాలుగు కూడళ్లలో ఒకదానియందు ముఖ్యవస్తువును ఉంచవలయుననుట ఈ సూత్రము. మూడింట నొకవంతు సూత్రమని దీనిని వ్యవహరింతురు. ఈ గీతలను నేటి సెల్‌ఫోనులు కోరినవారికి తెరపైననే చూపుచున్నవి. దీని మూలమును వెదకినచో మనము ఛాయాగ్రహణమునకు పూర్వమునకే పోవలసియుండును. 1797లో జాన్ తామస్ స్మిత్ అను ఆంగ్లచిత్రకారుడు పల్లెసీమల దృశ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ మూడువంతుల నియమమును ప్రతిపాదించెను. ఆతని విచారము ప్రధానముగా ప్రకృతి దృశ్యములయందు నింగికెంత, నేలకెంత, వెలుగునకెంత, నీడకెంత యను పాళ్లను గూర్చినది. చెట్టు చేమల పొందికకై చెప్పిన పాలు కాలక్రమమున మనుష్యులకు విధియైనది.

ఈ సూత్రమువలన మేలు లేదని మేమనము. నడుమనే నిలుపవలయునను గుడ్డి అలవాటునుండి అది విద్యార్థిని విడిపించును. ప్రక్కకు చూచు మనుష్యుని యెదుట కొంత యెడము విడిచినచో ఆతని చూపునకు పోవు దారి యేర్పడునని నేర్పును. కాని ఊతకర్ర నడక నేర్చువానికి గాని, నడక వచ్చినవానికి గాదు. పోటీలలో పటములను పరీక్షించువారిలో కొందరు గీతలతో కొలిచి మార్కులు వేయుదురు. అది ఛందస్సు సరిపోయినది గనుక పద్యము మంచిదనుట వంటిది.

మరి చోటును నిర్ణయించునదేది? మేము బడిలో వ్యాకరణము చెప్పుకొనువారము గనుక మాకు పరిచితమైన దృష్టాంతమునే చెప్పెదము. రాముడు రావణుని చంపెను అన్నను, రావణుని రాముడు చంపెను అన్నను తెలుగున అర్థము మారదు. చంపినవాడెవడో, చచ్చినవాడెవడో విభక్తి చెప్పుచున్నది. సంస్కృతమున ఈ స్వేచ్ఛ ఇంకను అధికము. ఆంగ్లమునందన్ననో, ఆ రెండు పేర్లను తారుమారు చేసినచో రావణుడే రాముని చంపినవాడగును. ఆ భాషయందు కర్త యెవడో, కర్మ యేదో ప్రధానముగా పదముయొక్క చోటే నిర్ణయించును.

ఛాయాపటము విభక్తులు లేని భాష. ఇతడు కర్త, ఇది కర్మ, వీడు వీనికి లోబడినవాడు, ఆమె వీనికి తోడైనది అని చెప్పుటకు అందు ప్రత్యయములు లేవు. వెలుతురు, చూపు, పరిమాణము కొంతవరకు తోడ్పడును గాని, సంబంధమును చెప్పు భారములో అధికభాగము చోటుపైననే పడును. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు పైన, ఎవరు అంచున, ఎవరికిని ఎవరికిని నడుమ ఎంత యెడము, ఇదియే ఆ భాషకు వ్యాకరణము. కావున చోటునకు ముందు అర్థము తేలవలయును. ఈ మనుష్యునికి తన చుట్టునున్న లోకముతో సంబంధమేమియని అడిగి, వచ్చిన జవాబును బట్టి నిలుపవలయును. ఈ మాటను మూడు ప్రసిద్ధపటములతో పరీక్షింతము.

మొదటిది 1936లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నిపోమో యను చోట డొరొతియా లాంగ్ తీసినది. బఠానీకాయలు కోయుటకు వచ్చి పనిలేక చిక్కిన కూలీల విడిదిలో ఒక తల్లియు, ఆమె బిడ్డలును అందలి వస్తువు. ఆనాడు ఆమె తీసిన పటములలో కొన్ని డేరాను, చుట్టుపట్ల నేలను చూపుచు దూరమునుండి తీసినవి. లోకప్రసిద్ధమైనది మాత్రము మిక్కిలి దగ్గరనుండి తీసినది. తల్లి నడుమనున్నది; చేయి చెక్కిలిని తాకుచున్నది; ఇరుప్రక్కల ఇద్దరు పిల్లలు ఆమె భుజములపై వాలి మనకు వీపు త్రిప్పియున్నారు; ఒడిలో పసిబిడ్డ. మూడింట నొకవంతు సూత్రముతో ఈ తల్లిని ప్రక్కకు జరిపి చూడుడు. ఒక బిడ్డకు ఆనుకొనుటకు చోటుండదు. ఆమె మీద ఇరువైపులనుండి భారము పడుచున్నది, ఆ భారమును మోయుచు ఆమె కదలకున్నది, ఇదియే అర్థము. కనుక మధ్యస్థానమే ఉచితము. ఇచట నడుమ నిలుపుట అలవాటు గాదు, నిర్ణయము.

రెండవది 1946లో పూనాలో మార్గరెట్ బర్క్-వైట్ తీసిన గాంధీగారి పటము. లైఫ్ పత్రిక పక్షమున వచ్చిన ఆమెను, ముందు రాట్నము త్రిప్పుట నేర్చుకొనిన గాని పటము తీయనీయమని గాంధీగారి కార్యదర్శి నిర్బంధించినట్లు ఆమెయే వ్రాసికొనియున్నది. పటమున రాట్నము ముందు నిలిచి పెద్దదిగా కనబడును. గాంధీగారు దాని వెనుక నేలపై కూర్చుండి కాగితములు చదువుకొనుచున్నారు. లోకమంతయు ఎరిగిన మనుష్యుని వెనుకకు నెట్టి కొయ్యవస్తువును ముందుంచుట సామాన్యదృష్టికి అపచారముగా తోచవచ్చును. కాని తనకంటె తన పని పెద్దదని చెప్పుకొనిన మనుష్యుని గూర్చి ఇంతకంటె సత్యమైన వాక్యమును పటమున వ్రాయుట కష్టము. రాట్నము నేర్చిన చేతులే దానిని ముందుంచినవని మేమనుకొందుము. వస్తువును గూర్చి తెలిసికొనిన పిదప చోటు తెలియును.

మూడవది 1907లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అమెరికానుండి ఐరోపాకు పోవు ఓడలో తీసినది. తాను మొదటి తరగతి ప్రయాణికుడు. పటములోనివారు చౌకటిక్కెట్టు ప్రయాణికులు. పై అంతస్తున కొందరు, క్రింది అంతస్తున కొందరు. వారిరువురికి నడుమ తెల్లని వంతెన యొకటి ఏటవాలుగా పటమును రెండు చేయుచున్నది. నడుమ చోటున మనుష్యుడే లేడు, ఆ వంతెన యున్నది. ముఖ్యుడెవ్వడని వెదకువానికి ఎవ్వడును దొరకడు; మనుష్యులను వేరుచేయు ఎడమే ఇందు ముఖ్యవస్తువు. దానికి నడుమ చోటిచ్చుట న్యాయమైనది.

ఒక పటమున మనుష్యుడు నడుమ, ఒకదాన వస్తువు వెనుక, ఒకదాన నడుమ శూన్యము. మూడును గొప్పపటములే. వీనినుండి ఒక్క కొలతను పిండుట సాధ్యము కాదు. ఒక్క పద్ధతిని మాత్రము నేర్చుకొనవచ్చును.

ఇచట మొదటి పక్షమువారు ఒక ఆక్షేపణ చేయవచ్చును. కళ మాట యెట్లున్నను, నడుమ నిలుపుట గౌరవము గదా, పెద్దలను నడుమ కూర్చుండబెట్టుట మర్యాద గదా యని. ఆంగ్లప్రభుత్వము 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా ప్రచురించిన భారతదేశ ప్రజల పటములను వారు చూడవలయును. అందు మన దేశపు కులములవారు, కొండజాతులవారు పెక్కుచోట్ల పటమధ్యమునందే ఉన్నారు. అది గౌరవము కాదు. ఈ జాతి యిట్లుండునని చూపుటకు సీతాకోకచిలుకను సూదితో గ్రుచ్చిన విధమున నిలుపుటయే. 1880వ దశకమున ప్యారిసు పోలీసు ఉద్యోగియైన బెర్టిలాన్ నేరస్థుల పటములకు కట్టుదిట్టమైన పద్ధతి నేర్పరచినపుడును ముఖము నడుమనే యుండెను, ఒకటి ఎదురుగా, ఒకటి ప్రక్కనుండి. సింహాసనమునకును నడుమ చోటే, బోనునకును నడుమ చోటే. చుట్టును ఏమున్నదో, ఆ మనుష్యుని అనుమతి ఎంతవరకున్నదో, ఆతనికి పేరున్నదో లేదో చూచిన గాని అది ఏదియో తేలదు.

పేరు మాట వచ్చినది గనుక నిపోమో తల్లిని మరల తలంపవలసియున్నది. ఆమె ముఖము ప్రపంచమంతటను తిరిగినను ఆమె పేరు 1978 వరకు లోకమునకు తెలియదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని అప్పుడు తెలిసెను. ఆ పటమువలన తనకొక్క కాసైనను రాలేదని ఆమె నొచ్చుకొనెను. పటమునడుమ ఆమెకు చోటిచ్చినవారు పటము క్రింద ఆమె పేరునకు చోటీయలేదు. ఆమెను మేము పైన పొగడిన స్థానమున నిలిపిన కళ ఎంత గొప్పదైనను ఈ లోటును కప్పజాలదు.

నడుమను గూర్చి ఇంత చెప్పితిమి. అంచును గూర్చి చెప్పవలసినది ఇంతకంటె ముఖ్యమైనది. పటముయొక్క అంచు కత్తి వంటిది. దానికి ఈవలివాడు లోకమునకు కనబడును, ఆవలివాడు లేనివాడే. 2020 జనవరిలో స్విట్జర్లండులోని దావోసున అయిదుగురు యువతులు వాతావరణమార్పును గూర్చి పత్రికలవారితో మాటలాడి వరుసగా నిలిచి పటము తీయించుకొనిరి. నలుగురు ఐరోపావారు; అయిదవయామె ఉగాండాకు చెందిన వెనెస్సా నకాటే, వరుసకు ఒక కొన నిలిచినది. అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ పంపిన పటమున నలుగురే ఉండిరి; నకాటే కత్తిరింపబడెను. ఆమె వెనుకనున్న కట్టడము చూపునకు అడ్డముగా నుండుటచే పొందికకై కత్తిరించితిమని సంస్థ మొదట చెప్పెను. తరువాత తప్పొప్పుకొని క్షమాపణ చెప్పి, అయిదుగురున్న పటమును ప్రచురించెను.

ఆ పొందిక యను మాటను చదువరులు శ్రద్ధగా గమనింతురు గాక. కత్తిరించినవానికి ద్వేషముండెనని మేమనము. ద్వేషము లేకయే ఇది జరిగినదనుటయే భయంకరము. చూపునకు ఇంపుగా నుండవలయునను కోరిక యొక్కటియే ఆ పనిచేసినది. ఆఫ్రికాఖండమునుండి వచ్చిన ఒక్క మనిషియు పటమునుండి పోయినపుడు, పటముయొక్క అర్థమే మారిపోవునని తట్టలేదు. రేఖలు చక్కబడినవి, వాక్యము అబద్ధమైనది. సూత్రమును అర్థముకంటె ముందుంచుటవలన కలుగు కీడునకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు.

మన యింటికి వత్తము. హైదరాబాదున ఆరవ నిజాముగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడై పేరొందిన రాజా దీన్‌దయాళ్, 1892లో ఆ నగరమున ఘోషాస్త్రీల పటములు తీయుటకు ప్రత్యేకముగా స్టూడియో నొకదానిని నెలకొల్పెను. దానిని ఒక ఆంగ్లవనిత నడుపుచుండెడిది. పటమున స్త్రీని ఎచ్చట నిలుపుదుమను ప్రశ్నకు ముందు, ఆమె పటములోనికి రాగలదా యను ప్రశ్న ఆనాడుండెనని దీనివలన తెలియుచున్నది. ఆ ప్రశ్న తీరినది. మొదటి ప్రశ్న యింకను తీరలేదు. పాత కుటుంబపటములను గోడలనుండి దింపి చూడుడు. యజమాని కుర్చీలో నడుమ, మగబిడ్డలు ఆతని మోకాళ్లనంటి, భార్య వెనుక నిలిచి, విధవయైన అప్పగారు అంచున సగము కనబడియు కనబడకయు, లేదా అసలే లేకయు. ఆ యింటి ధర్మశాస్త్రమును వేరుగా చదువనక్కరలేదు, పటమునందే అచ్చుపడియున్నది.

బడి గ్రూపుఫోటోలును ఇట్టివే. ప్రధానోపాధ్యాయుడు నడుమ, ఉపాధ్యాయులు ఇరుప్రక్కల జీతపు వరుసను, బడిపిల్లలు వెనుక. గంటకొట్టు బంట్రోతును, మధ్యాహ్నభోజనము వండు ఆయమ్మయు ఏ కొననో నిలిచియుందురు, లేదా కెమెరాకు వెనుక నిలిచి చూచుచుందురు. పటము క్రింద పేర్లు వ్రాయునపుడు అందరి పేర్లును వ్రాసి, వారి స్థానమున ఉద్యోగమును మాత్రము వ్రాయుటయు కలదు. ఎవ్వరును దీనిని తలంచి చేయరు. తలంపక చేయుటయే మేము చెప్పుచున్న దోషము. పైగా వెడల్పు కటకములతో దగ్గరనుండి గుంపును తీసినపుడు కొనలనున్నవారి ముఖములు సాగి వికృతముగా కనబడును. ఎప్పుడును కొనల నిలుచువారికే ఎప్పుడును ఆ వికృతి.

ఇంత ఆలోచించుచు కూర్చున్నచో పటము తీయు క్షణము పోదా యని రెండవ ఆక్షేపణ రావచ్చును. పోవును, అలవాటు లేనిచో. మాటలాడునపుడు ప్రతిపదమునకు విభక్తిని తలంచి పెట్టుచున్నామా? పసితనమున సరిగా నేర్చినందున తనంతట వచ్చుచున్నది. ఇదియు అట్టిదే. ఈ మనుష్యుడు దేనితో కూడి తానగుచున్నాడు? దానికి పటమున చోటిచ్చితినా? అంచున ఎవ్వరు తెగిపోవుచున్నారు? ఈ మూడు ప్రశ్నలను కొన్నినాళ్లు తనను తానడిగికొనువానికి నాల్గవ నెలలో కాళ్లే తగిన తావునకు నడచును. ఒక అడుగు వెనుకకు వేయుట, ఒక మెట్టు దిగుట, నేల కూర్చుండినవానితో సమముగా తానును కూర్చుండుట, ఇవియే చోటును మార్చు ఉపాయములు. వీనికి ధనము పట్టదు. పూర్వపు పెద్దకెమెరాలలో గాజుపలకపై బొమ్మ తలక్రిందులుగా కనబడెడిది. అందుచే తీయువాడు ముఖమునొక్కదానినే గాక నాలుగంచులను పరికింపక తప్పెడిది కాదు. నేటి సౌకర్యము ఆ శిక్షణను మననుండి తీసికొనిపోయినది; దానిని మనమే తెచ్చుకొనవలయును.

మన ప్రాచీనులు చిత్రమునకు ఆరంగములు చెప్పిరి. కామసూత్రవ్యాఖ్యయైన జయమంగళలో యశోధరుడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని వానిని లెక్కించెను. పటముయొక్క నాలుగంచులకు ఈ పట్టికలో వేరుగా పేరు లేదు. ఆ లోటును పూరించు మాట మన అలంకారశాస్త్రమునందే యున్నది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చ యను గ్రంథమును వ్రాసెను. నడుమునకు తొడుగు మొలనూలును మెడకు వేసినచో నవ్వులపాలగుదురని ఆతడు చూపిన దృష్టాంతము మన విద్యార్థులెరిగినదే. నగ మంచిదే, మెడయు మంచిదే, చోటు తగనిది. అనౌచిత్యము నగలయందు నవ్వు పుట్టించును. మనుష్యులయందు అన్యాయమును పుట్టించును.

ఛాయాపటము అబద్ధమాడదని వెనుకటివారు నమ్మిరి. యంత్రము అబద్ధమాడకపోవచ్చును, దానిని పట్టుకొనినవాడు ఎచ్చట నిలిచి, ఎవరిని ఎచ్చట నిలుపునో అందుమీద దాని సత్యమాధారపడియున్నది. రాబోవు పాఠశాలా వార్షికోత్సవమున ఏ ఉపాధ్యాయుడైనను పటము తీయువానిని ఒక్క నిమిషమాపి, వంటశాలనుండి ఆయమ్మను పిలిచి, పిల్లలకు అన్నము పెట్టు ఆమెను పిల్లల నడుమ నిలిపి, పటము క్రింద ఆమె పేరు అందరి పేర్లతోపాటు వ్రాయించినచో, పటము చెడిపోవునని ఏ సూత్రమును చెప్పజాలదు.